రెండు ఈకల బంగారం

ముందు ఆ నీలం గుడ్డ మడిచి మూటలో పెట్టెయ్, మకామే. తరవాత మాట్లాడుకుందాం.

ఈ పసుపు పూసలు ఎవరు తెమ్మన్నారు నిన్ను? పోయినేడూ ఇవే. ఎర్రవి తే నాయనా, ఎర్రవి తే అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఇక్కడ పసుపువి మేక మెడలో కూడా కట్టరు. ఉప్పు చూస్తే సగం చెమ్మగిల్లింది. ఆ పచ్చ గిన్నె అంచు పెచ్చు లేచిపోయింది, బొటనవేలు అడ్డం పెట్టి దాస్తున్నావు, నాకు కనపడదనుకున్నావా? సముద్రం ఒడ్డున సోఫాలా రేవు నుంచి నెలన్నర నడిచి వచ్చావు, నిజమే. నడక నీది. గిన్నె నాది కదా మరి. పెచ్చు లేచినదాన్ని నేనేం చేసుకోను?

సర్లే. నీడలోకి జరుగు. నీ మోత మనుషులకి అవతల సంకటి పెట్టించాను, వేయించిన చెట్టుపురుగులూ పెట్టించాను. నీకు కల్లు పనికిరాదు కాబట్టి పుల్లటి పాలు ఉంచాను. ఇదిగో, ముందు నేనొక గుక్క తాగుతాను. ఇప్పుడు తాగు. ఇంట్లోవాళ్ళు ముందు తాగి ఇవ్వడం మా మర్యాద, అది మాత్రం మరిచిపోలేదు నేను.

ఏంటి? ఎవరు?

ఆఁ. ఆ నవ్వే మనిషా.

ఏడాదికోసారి నువ్వు రాగానే కల్లుకుండ తెచ్చి నీ ముందు పెట్టేది. నువ్వు మొహం తిప్పుకుంటే, వాసనన్నా చూడు బావా, వాసనకి పాపం లేదు అనేది. అందరం నవ్వేవాళ్ళం. నువ్వూ నవ్వేవాడివి. ముచనేతా. నా కోడలు.

లేదు.

లేదంటే పుట్టింటికి వెళ్ళిందని కాదు. లేదు.

నువ్వు పోయినేడు బయలుదేరిన రోజే. పొద్దున్న. నువ్వు ఏటి రేవులో మాకోసం మధ్యాహ్నం దాకా చూసి, మబ్బు పడుతోందని వెళ్ళిపోయావట కదా. అవును, అప్పటికే అయిపోయింది. తెలిసుంటే ఆగేవాడివేమో. ఆగినా చేసేదేముంది? తాగు, పాలు తాగు. గిన్నె కింద పెట్టెయ్యకు.

ఏడుస్తాననుకుంటున్నావా? ఏడవను. మొదట్లో ఏడుపు ఎందుకు రావడం లేదా అని నాకే వింతగా ఉండేది. ఇప్పుడు వింత కూడా లేదు.

దాని పేరుకి అర్థం తెలుసుగా నీకు. మా మాటలు నీకు బాగానే వచ్చు. 'అనండి, అనండి, అనీ అనీ మీరే అలిసిపోతారు' అని. వాళ్ళమ్మ ఇరుగుపొరుగు మీద కోపంతో పెట్టిన పేరది. పేరుకి తగ్గ మనిషే. ఎవరేమన్నా పట్టించుకునేది కాదు. నేను తిడితే, అత్తా, ఇంకో రెండున్నాయా, ఒకేసారి అనెయ్యి, నాకు నీళ్ళకి వెళ్ళాలి అనేది.

నూరుడురాయి దగ్గర కూర్చుంటే పాటలు కట్టేది. అక్కడ కోడలు ఏం పాడినా అత్త కోప్పడకూడదు, అది మా కట్టుబాటు. ఇక దానికి పట్టపగ్గాలుండేవి కావు. 'మా అత్త ఉప్పు చూపిస్తుంది, వెయ్యదు. మాంసం వాసన పంచుతుంది, ముక్క పంచదు. మా అత్త చచ్చాక కూడా గాదె మూత మీదే కూర్చుంటుంది' అని. ఊరంతా నేర్చుకున్నారు ఆ పాట. నేను ఇంట్లో కూర్చుని వినేదాన్ని. బాగుండేది, నిజం చెప్పాలంటే.

బంగారం గొయ్యిలోకి దిగడం కూడా దానికి పాటే. మా ఆయన పోయాక ఆ గొయ్యికి నేనే పెద్దని కదా. ఎవరు దిగాలో, ఎవరు తాడు పట్టాలో, ఎప్పుడు నిప్పు పెట్టాలో, అన్నీ నా నోటిమాటే. పదిహేనేళ్ళు నేనూ దిగాను. తరవాత ఒళ్ళొచ్చింది. మూతి దగ్గర కాస్త వెడల్పుగా ఉంటుంది గొయ్యి, రెండు నిలువులు దిగాక మెడ వస్తుంది, అక్కడ మగవాడి భుజాలు పట్టవు. అందుకే మా దగ్గర ఆడవాళ్ళే దిగుతారు. సన్నటివాళ్ళు. మెడ దాటితే కింద రాతి చార వెంబడి పడుకుని పాకడమే.

ముచనేతా పాములా దిగిపోయేది. పలుగురాయి ముక్క నాలికతో తడిపి, ఇందులో ఉంది, ఇందులో లేదు అని చీకట్లోనే చెప్పేది. కింద అది పాడుతుంటే పైన తాడు పట్టినవాళ్ళకి పాట నేల్లోంచి వస్తున్నట్టు ఉండేది. పాట వినిపిస్తున్నంతసేపూ మాకు దిగులుండేది కాదు.

ఏమంటున్నావ్? కూలిందా అనా? కూలలేదు. అందరూ అదే అడుగుతారు. కూలి ఉంటే బాగుండేది.

ఆ గుడ్డ ఇంకా మడవలేదు నువ్వు.

సరే, ఉండనీ. గుడ్డ సంగతే చెప్పాలి ముందు, లేకపోతే నీకు అర్థం కాదు.

పోయినేడు నువ్వు ఆ మూట విప్పినప్పుడు నేను చూసిన చూపు నువ్వు కనిపెట్టావు. వ్యాపారివి, కనిపెట్టకపోతే ఎలా? నీలం రంగు, ఎర్ర అంచు. వేళ్ళ మధ్య నీళ్ళలా జారింది. ఇలాంటిది మీ రాజు మాంబో భార్యలు కట్టుకుంటారు వాచిహేరా, నీకెందుకు అన్నావు నవ్వుతూ. నువ్వు ఎగతాళికే అన్నావు, నాకు తెలుసు. కానీ ఆ మాట వెళ్ళి తగలాల్సిన చోటే తగిలింది.

నేను కొత్త కోడల్ని అప్పుడు. మా ఆయన మాంబోకి బంగారం వాటా పట్టుకెళ్తూ నన్నూ తీసుకెళ్ళాడు. ఆ రాతిగోడలు చూశావుగా నువ్వు. మట్టి లేకుండా రాయి మీద రాయి పేర్చి ఏనుగుకి రెండింతల ఎత్తు లేపారు. గోడ లోపల ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని ఉన్నారు. అందరి ఒంటి మీదా గుడ్డలు. నా ఒంటి మీద మేకతోలు. తోలు కొత్తదే, నూనె రాసి మెత్తగా చేసిందే. పెద్ద భార్య నన్ను చూసి ముక్కు ముడిచి, నువ్వు గాలికి అటుపక్క కూర్చో అమ్మాయ్, వాసన ఇటు రాకుండా అంది.

తిట్టలేదు. మెల్లిగానే అంది. నేను లేచి అటుపక్కకి వెళ్ళి కూర్చున్నాను. వాళ్ళ చేతులకి బంగారు తీగ కడియాలున్నాయి. ఆ బంగారం మేం తీసిందే. నా మోచేతుల మీద పుళ్ళు ఇంకా ఆరలేదు, అవి దాచుకుంటూ కూర్చున్నాను.

ముప్ఫై ఏళ్ళ కిందటి మాట. ఆవిడ ఎప్పుడో పోయింది. ఆ మాంబో కూడా పోయాడు, అతని కొడుకొచ్చాడు. ఎవరికీ గుర్తుండదు. కానీ ఒక్కసారి ఆ గోడల లోపలికి ఆ నీలం గుడ్డ కట్టుకుని వెళ్ళాలనీ, గాలి ఎటు వీస్తే అటే కూర్చోవాలనీ నాకొక కోరిక. పిచ్చిది. ఎవరికీ చెప్పలేదు. ముచనేతాకి కూడా.

నువ్వేమన్నావు? ఇంకో రెండు ఈకలు నింపి తెస్తే గుడ్డ నీది అన్నావు. ఎల్లుండి మధ్యాహ్నానికి బయలుదేరతాను, ఏరు పొంగితే దాటలేను, గాలి మారితే ఓడ ఉండదు అన్నావు. తప్పేం లేదు. నిజమే అన్నావు. నీ ఓడలూ గాలీ నీకున్నాయి. నేనిప్పుడు నిన్ను అనడం లేదు, తల ఎత్తు.

రెండు ఈకలు. రాబందు ఈక గొట్టంలో ఎంత పడుతుంది బంగారప్పొడి? చిటికెడు పైన కొంచెం. అంతే.

కింద రాయి గట్టిపడిపోయి ఉంది అప్పటికి. ఉలి దిగడం లేదు. అందుకని నువ్వు గుడ్డ చూపించిన సాయంత్రమే కట్టెలు దించి రాతి చార పక్కన నిప్పు పెట్టించాను. రాయి కాలాక పైనుంచి నీళ్ళు పోశాం. పగిలిన చప్పుడు పైకి వినిపించింది. మంచి చప్పుడు. రాయి బాగా విచ్చిందని దానర్థం.

నిప్పు పెట్టాక రెండు రోజులు ఆగాలి. నిండుగా రెండు రోజులు. మా అత్త నాకు చెప్పింది, వాళ్ళత్త ఆవిడకి చెప్పింది. పొగ పోయినట్టే ఉంటుంది, కానీ పోదు. కింద నీళ్ళలా పడుకుని ఉంటుంది. కంటికి కనపడదు, ముక్కుకి తెలీదు. మనిషికి నిద్రొచ్చినట్టు ఉంటుందట. అంతే.

మేం ఒక రోజు ఆగాం. ఒక పగలూ రెండు రాత్రులూ.

ఎవరు తొందరపెట్టారంటే, ఎవరూ కాదు. మాంబో మనిషి అంతకు ముందే వచ్చి వాటా తీసుకెళ్ళిపోయాడు. మా కొడుకు చినెంబిరి రాతిగోడల దగ్గర వెట్టికి వెళ్ళి ఉన్నాడు. గాదెలో జొన్నలున్నాయి. దిగకపోతే పస్తుండే రోజులు కావవి. నేనే అన్నాను, ఇవాళ దిగుదాం అని.

ముచనేతా ఒక్కమాటే అంది. రేపు దిగుదామా అత్తా, పాపకి ఒళ్ళు వెచ్చగా ఉంది అంది. పాప నా దగ్గరుంటుందిలే అన్నాను. ఏడాదిన్నర పాప. తోలులో చుట్టి నా వీపుకి కట్టింది. కట్టి, దాని పాదాలు రెండూ పట్టుకుని ముద్దు పెట్టుకుంది. రోజూ పెట్టుకునేదే. అందులో ఏమీ లేదు, రోజూ చేసేదే.

తాడు చూమా పట్టింది. తెలుసుగా చూమా, పొడుగ్గా, మా ఆయన చెల్లెలు. నేను మూతి దగ్గర.

దిగింది. మెడ దాటింది. పాట మొదలుపెట్టింది. ఆ ఉప్పు పాటే. మేం ఇక్కడ నవ్వుకుంటున్నాం. రాళ్ళు గంపలోకి వేస్తున్న చప్పుడు వస్తోంది. పగిలిన రాయి కదా, తేలిగ్గా వస్తోంది దానికి. అత్తా, ఇక్కడ రాయి మెరుస్తోంది అని కేక వేసింది కింద నుంచి. అదే దాని ఆఖరి మాట. చూమా కూడా విన్నది.

తరవాత పాట కాస్త నెమ్మదించింది. ఒక చరణం మధ్యలో మరిచిపోయినట్టు ఆగి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. మళ్ళీ ఆగింది.

నేను చూమా వంక చూశాను. చూమా తాడు లాగింది. కింద నుంచి జవాబుగా ఒకసారి లాగాలి. లాగలేదు.

పిలిచాం.

పాపని విప్పి చూమా చేతికిచ్చాను. నేనే దిగాను. పన్నెండేళ్ళయింది నేను దిగి. మెట్లు గుర్తున్నాయి కాళ్ళకి. మెడ దాకా వెళ్ళాను. మెడలో తుంటి ఇరుక్కుపోయింది. కిందికీ పోను, పైకీ రాను. కాళ్ళు కింద ఆడుతున్నాయి, చేతులు పైన రాయి పట్టుకుని ఉన్నాయి. నా కాళ్ళకింద ఎక్కడో అది ఉంది. ఎంత దూరమో తెలీదు. రెండు మూరలేమో.

ఆ ఇరుకులో ఉండగా నా మొహం ముందు ఒక చీమ వెళ్తోంది. నల్ల చీమ. దాన్నే చూస్తూ ఉన్నాను. ఏదో గింజ మోసుకుపోతోంది. ఇంత లోతులో దానికి గింజ ఎక్కడ దొరికిందా అనుకున్నాను. కోడలు కింద పడి ఉంటే నేను చీమ గురించి ఆలోచించాను, మకామే. అప్పుడే మొదలైంది నాకీ మొద్దుబారడం. ఇంకా పోలేదు.

చూమా అరిస్తే మగవాళ్ళు పొలాల్లోంచి వచ్చారు. నా చంకల కింద తాడు వేసి లాగారు. రెండు పక్కలా తోలు ఊడిపోయింది. నాకు నొప్పి తెలీలేదు. మళ్ళీ ఇంకొకరు దిగుతామంటే నేను దిగనివ్వలేదు. గొయ్యి మూతికి అడ్డంగా పడుకున్నాను. నాకంత బుద్ధి అప్పుడొచ్చింది.

మూడో రోజు చూమాయే దిగింది. తాడు కట్టి పైకి పంపింది. ముందు ముచనేతాని. తరవాత గంపని.

నిద్రపోతున్నట్టే ఉంది. అందరూ అంటారు ఆ మాట, చనిపోయినవాళ్ళని చూసి. ఇది నిజంగానే అలా ఉంది. పెదవుల మీద రాతిపొడి ఉంది, నాలికతో చూసి ఉంటుంది.

గంప నిండుగా ఉంది.

కడిగాం, కప్పాం, ఎత్తు మీద పాతిపెట్టాం. వాన మొదలైంది. గంప అలాగే నా ఇంటి చూరు కింద ఉంది. ఎవరూ ముట్టుకోరు. ఏం చెయ్యాలో ఎవరూ అడగరు. ఆరు రోజులు దాని పక్కనుంచే అందరం నడిచాం. ఏడో రోజు నేనే అన్నాను, నూరండి అని.

చూమా నా వంక చూసిన చూపు ఇంకా ఉంది. కానీ నువ్వు చెప్పు. తిరిగి గొయ్యిలో పోస్తామా? పోస్తే అది లేచి వస్తుందా? రాయి రాయే కదా. నూరారు. ఎవరూ పాడలేదు. ఏట్లో కడిగాను నేనే, సొరబుర్రలో తిప్పి తిప్పి. అడుగున పసుపుగా మిగిలింది.

ఒక ఈక నిండింది. రెండోదాంట్లో వేలిగోరంత.

ఇదిగో. పట్టుకో. అదే ఇది.

ఏం, తీసుకోవడానికి ఆలోచిస్తున్నావా? నువ్వు ఇన్నేళ్ళూ పట్టుకెళ్ళిన ఈకలన్నీ ఏమనుకున్నావు మరి? వాటిల్లో ఒక్కటైనా ఎవరి మోచెయ్యీ చీరుకోకుండా వచ్చిందా? ఇది ఎవరిదో నీకు తెలిసింది, అంతే తేడా.

కింద పెట్టు పోనీ. చాప మీద పెట్టు.

పదకొండో రోజున చినెంబిరి వచ్చాడు. దారిలోనే ఎవరో చెప్పారు. వచ్చి పెరట్లో నిలబడ్డాడు. చేతులకి రాళ్ళు మోసిన కాయలు. నా కొడుకు ఎక్కువ మాట్లాడడు. పాపని ఎత్తుకుని చాలాసేపు కూర్చున్నాడు. తరవాత అడిగాడు.

"అమ్మా, దిగే ముందు నిప్పుకట్ట దించారా?"

అదేంటంటే, ఎండుగడ్డి కట్ట వెలిగించి తాడుకి కట్టి ముందు గొయ్యిలోకి దించుతాం. మండుతూ ఉంటే గాలి మంచిది. ఆరితే దిగకూడదు. చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"దించాం" అన్నాను.

"ఆరలేదు కదా?"

"లేదు" అన్నాను.

సరే అన్నాడు. నమ్మాడు. నేను వాడితో అబద్ధం చెప్పడం వాడికి తెలీదు, నేనెప్పుడూ చెప్పలేదు కాబట్టి. కొండ తీసుకుంది అన్నాడు. ఎముకలు వేసి చెప్పే ముసలాయన వచ్చాడు, ఆయన కూడా అదే అన్నాడు. నాలుగు ఎముకలూ విసిరి, అటూ ఇటూ కదిపి, కొండకి ఆకలేసింది, తీసుకుంది, ఇంట్లో ఎవరి తప్పూ లేదు అన్నాడు. ఆయనకొక మేకనిచ్చాం. నేనే తాడు విప్పి ఇచ్చాను.

ఆరింది, మకామే.

మెడ దాటగానే ఆరిపోయింది. గాలికి రెపరెపలాడి ఆరడం కాదు. ఎవరో వేళ్ళతో నలిపేసినట్టు ఆరింది. ఆరినట్టు నేను చూశాను. చూమా తాడు సర్దుకుంటూ అటు తిరిగి ఉంది, చూడలేదు.

ముచనేతా చూసింది.

నా పక్కనే ఉంది, గంప తలకి తగిలించుకుంటూ. అది కిందికి చూసింది, తరవాత నా మొహం వంక చూసింది. "గాలేనా, అత్తా?" అంది.

"గాలే" అన్నాను.

అది చాలు దానికి. గొయ్యికి పెద్దని నేను. పదిహేనేళ్ళు దిగినదాన్ని నేను. ఉప్పు వెయ్యదని పాట కట్టిందే గానీ, నా మాట మీద దానికి అంత నమ్మకం. దిగింది.

దాన్ని చంపాలనుకున్నానా? లేదు. అలా అనుకుని ఉంటే ఏదో ఒకటి అయి ఉండేది, ద్వేషమో, పగో, ఏదో. దాని మీద నాకు కోపం కూడా లేదు. ఆ క్షణంలో నేను దాని గురించే ఆలోచించలేదు. నిజంగా గాలేనేమో అనుకున్నాను సగం. మిగతా సగంలో గుడ్డ ఉంది. రాతిగోడల లోపల ఎలా నడుస్తానా, అంచు ఎటుపక్క వచ్చేలా కట్టుకోవాలా అని.

ఎందుకు చెబుతున్నానా నీకు? ఎవరికి చెప్పమంటావు? చూమాకి చెబితే రేపటికి ఊరికి తెలుస్తుంది. కొడుక్కి చెబితే వాడు నన్నేం చెయ్యలేక వాణ్ణి వాడేదో చేసుకుంటాడు. నువ్వు ఇక్కడివాడివి కావు. నీ దేవుడు వేరు. ఇంకో నాలుగు రోజుల్లో ఏరు దాటిపోతావు. చెట్టుకి చెప్పినట్టు చెబుతున్నాను, ఏమనుకోకు.

అన్యాయంగా పోయినవాళ్ళు తిరిగొచ్చి ఇంటిని పట్టుకుంటారు కదా మా వాళ్ళలో. నేను ఎదురుచూశాను. నిజంగా ఎదురుచూశాను. పశువులు చస్తాయనుకున్నాను. పాపకి జబ్బు చేస్తుందనుకున్నాను. నాకు మాట పడిపోతుందనుకున్నాను. ఏమీ కాలేదు. వానలు బాగా పడ్డాయి. జొన్న ఎన్నడూ లేనంత పండింది. పాపకి పళ్ళన్నీ వచ్చాయి, పరుగెత్తుతోంది. ఆవు ఈనింది, పెయ్యదూడ.

రాలేదు అది. కోపం తెలిసిన మనిషి కాదు కదా, తిరిగొచ్చి చెయ్యడానికి కూడా చేతకాలేదేమో.

వచ్చి ఉంటే బాగుండేది. అలికిడన్నా ఉండేది ఇంట్లో.

ఏం చేస్తున్నావు? గుడ్డ నా ఒళ్ళో పెడతావేంటి?

ఊరికే ఇస్తావా. తీసెయ్.

తీసెయ్ అన్నాను. ఊరికే పుచ్చుకుంటే అది ముచనేతా ఖరీదవుతుంది. కొంటే వ్యాపారమన్నా అవుతుంది. నీది మంచి మనసే, కాదనను. కానీ ఇంకెవరికైనా అమ్ముకో. మాంబో ఇంటి ఆడవాళ్ళకి అమ్ము. వాళ్ళు బాగా కట్టుకుంటారు.

ఆఁ, ఆ పిల్లా? ఇందాక పాపని ఎత్తుకుని వెళ్ళిందే, నీ మోత మనుషులకి నీళ్ళిచ్చింది. పోలికలు కనిపెట్టావన్నమాట. షూవై. ముచనేతా చెల్లెలే.

మా పద్ధతి నీకు తెలుసుగా. పెళ్ళాం పోతే ఆ ఇంటివాళ్ళు చెల్లెల్ని పంపుతారు, పొయ్యి చల్లారకుండా. అందరూ పంపరు. అల్లుడి ఇంటి మీద మనసు విరిగితే పంపరు. వీళ్ళు పంపారు. కోతలయ్యాక వాళ్ళమ్మే స్వయంగా తీసుకొచ్చింది. రెండు రోజులు నడిచొచ్చింది ముసలావిడ. నా ముందు కూర్చుని, వదినా, పెద్దదాన్ని కూతురిలా చూసుకున్నావు, నీ మీద మాకు ఏ మచ్చా లేదు, అందుకే రెండోదాన్ని కూడా నీ చేతిలోనే పెడుతున్నాం అంది.

నేను చేతులు దగ్గర చేర్చి చప్పట్లు కొట్టి మర్యాదగా తీసుకున్నాను ఆ మాటని. ఇంకేం చెయ్యను?

మంచి పిల్ల. మాట తక్కువ. నవ్వదు. పాప దానికి అలవాటు పడిపోయింది, చినెంబిరి ఇంకా పడలేదు, పడతాడు. పాత గొయ్యి పూడ్చేశాం. కొండకి అటుపక్క కొత్తది తీశాం ఈ ఏడు. చార బాగుంది, మెడ మాత్రం మరీ ఇరుకు. చూమా పట్టదు.

కొత్త కోడలు వచ్చిన రోజు మొహం మీద తోలు కప్పుకుని తల వంచుకుని కూర్చుంటుంది కదా. ఎవరికీ మొహం చూపించదు. ఇంటివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి చేతిలో ఏదో ఒకటి పెట్టి, చూపించమ్మా, చూపించు తల్లీ అని బతిమాలాలి. చూమా పెట్టింది. పక్కింటివాళ్ళు పెట్టారు. అక్కలాగే ఉంటుందా, వేరుగా ఉంటుందా అని అందరికీ ఆత్రం. ముసలివాళ్ళు కూడా మెడలు చాచి చూస్తున్నారు. నా వంతు వచ్చింది. వెళ్ళి దాని ముందు కూర్చున్నాను. అది తోలు తీసి మొహం ఎత్తింది.

నేను మొహం చూడలేదు, మకామే.

నా కళ్ళు తిన్నగా నడుం మీదికి పోయాయి. ఒక జేనా, జేనున్నరా అని. భుజాలు చూశాను. తుంటి చూశాను.

గొయ్యి మెడలో పడుతుంది, అనుకున్నాను.

ఎల్లుండి దిగుతుంది.